బలరాం చూసిన రెండు నీలాలు

బలరాం మా ఇంటి గోడ మీద రెండు చదరాలు వేశాడు. ఒక్కొక్కటి జానెడు పొడవు, జానెడు వెడల్పు. వేసి, నిచ్చెన దిగి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "గురువా, ఒకసారి ఇటు రండి. ఈ రెంటిలో ఏది బాగుందో మీరు సెప్పాల" అన్నాడు.

వెళ్లి చూశాను. నా కంటికి రెండూ నల్లగానే ఉన్నాయి.

ఆ మాట పైకి అనలేదు. అంతకు నలభై ఏళ్ల కిందట కూడా బలరాం విషయంలో అనవలసిన మాట ఒకటి అనకుండా మింగేశాను. ఆ రెండూ రాద్దామనే ఇప్పుడు కలం పట్టుకున్నాను.

భిలాయికి వచ్చి స్థిరపడిన మనవాళ్ల జీవితాలు ఒక పుస్తకంగా వేద్దామని మన తెలుగు సంఘం వాళ్లు అనుకున్నారు. పెద్దవాళ్లం తలా ఒకరి గురించి రాయాలి. నన్ను నా గురించే రాయమన్నారు. రాసుకోవడానికి లేకపోలేదు. టెక్కలి దగ్గర మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఇరవై ఒకటో ఏట ఒక రేకు పెట్టెతో రైలు దిగాను. ఉక్కు కరిగించే షాపులో కూలీగా చేరి సీనియర్ మెల్టరుగా రిటైరయ్యాను. ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసులో పదకొండు ప్రశంసాపత్రాలు అందుకున్నాను. రష్యా ఇంజినీరు ఒకాయన నా భుజం తట్టి "హరషో" అన్నాడు, అంటే వాళ్ల భాషలో బాగుందని. ఖుర్సీపార్‌లో మన తెలుగు లైబ్రరీ నిలబడిందంటే అందులో నా చెయ్యి ఉంది. రిసాలిలో మా ఇంటి ముందు రోడ్డుకి లైట్లు వేయించింది కూడా నేనే, ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగి.

ఇవన్నీ నిజాలే. కానీ నా గురించి రాస్తే బలరాం సంగతి దాటేసి పోవచ్చు. దాటకుండా ఉండాలని అతని గురించే రాస్తున్నాను.

బలరాంది ఇచ్ఛాపురం వైపు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. మేనమామ జగ్గయ్య మా ప్లాంటులో బరువులు మోసే ఖలాసీ. పంతొమ్మిది వందల ఎనభైలో ఆయనే ఇతన్ని తీసుకొచ్చి మా షాపులో హెల్పరుగా చేర్పించాడు. ఖుర్సీపార్‌లో మేనమామ ఇంటి వెనక గదిలో ఉండేవాడు. ఇప్పుడు అదే సందులో సొంత ఇల్లుంది. భార్య కనకరత్నం. ఇద్దరు కూతుళ్లకీ పెళ్లిళ్లయిపోయాయి, ఒకామె దుర్గ్‌లో, ఇంకొకామె రాయపూర్‌లో ఉంటున్నారు. మనిషి సన్నగా, వెదురుకర్రలా ఉంటాడు. ఇప్పటికీ సైకిలే. హ్యాండిలుకి ఒక పక్క బ్రష్షుల సంచీ, ఇంకో పక్క టిఫిను డబ్బా.

ప్లాంటులో ముప్పై ఐదేళ్లు రంగుల గ్యాంగులో పనిచేశాడు. గ్యాసు పైపులకీ, నీళ్ల పైపులకీ, క్వార్టర్ల తలుపులకీ రంగులు వేశాడు. రిటైరయ్యాక ఇళ్లకి వేస్తున్నాడు. ఖుర్సీపార్‌లోనైనా రిసాలిలోనైనా పాత గోడకి అతుకు వెయ్యాలంటే బలరాంనే పిలుస్తారు. నల్లా పైపు కోసం గోడ కొట్టి పూడ్చిన చోట పాత రంగుకి సరిగ్గా సరిపోయేలా కొత్త రంగు కలుపుతాడు. అలా కలిపి వేశాక, ఎక్కడ కొట్టారో చూపించమంటే ఇంటివాళ్లే తడుముకునేవాళ్లు.

అంత పనిమంతుడికి ఒక వింత అలవాటుంది. రంగు కలిపాక గోడ మీద కొంచెం పూసి, వీధిలో పోయేవాళ్లని పిలుస్తాడు. "బాబూ, ఒక్క నిమిషం. ఈ రెండూ ఒకటేనా, తేడా ఉందేటి?" అని అడుగుతాడు. పాలవాడైనా సరే, పరీక్షకి పోతున్న పిల్ల అయినా సరే. వాళ్లు ఒకటే అనేదాకా డబ్బా మూత తియ్యడు.

ఒకసారి వనజాక్షి కిరాణా కొట్టు దగ్గర నేను నిలబడి ఉండగానే ఆవిడ అతన్ని పట్టుకుంది.

"బలరాం భయ్యా, నువ్వు వండిన అన్నం ఉడికిందో లేదో కూడా వీధిలో వాళ్లనే అడుగుతావేటి?"

"అన్నానికి కన్ను అక్కర్లేదమ్మా, ఏలు సాలు."

"మరి కన్నుకేటొచ్చింది? అద్దాలైనా లేవు కదా."

"నాది కచ్చా కన్ను. పెద్దోళ్లు సూసి తేల్చీసిన మాట" అని నవ్వుతూ నా వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, మా గురువే తేల్చేరు. ఆయన కంటి ముందు ఏదీ నిలబడదు."

కొట్టు దగ్గరున్నవాళ్లంతా నన్ను కాస్త గౌరవంగా చూశారు. నేను బెల్లం పొట్లం తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఇంతకీ నేను తేల్చిన సంగతి ఏమిటో చెప్పాలి.

మా రోజుల్లో ఉక్కు కరిగే కొలిమిని ఉత్త కంటితో చూడలేకపోయేవాళ్లం, అంత వెలుగు ఉండేది. అరచేతిలో పట్టేంత నీలం గాజుముక్క ఒకటి ఇచ్చేవారు. దాన్ని టోపీ అంచుకి కట్టుకుని, కొలిమి తలుపు కొంచెం ఎత్తగానే అందులోంచి లోపలికి చూడాలి. లోపలి ఉక్కు ఏ తీరులో వెలుగుతోందో చూసి, సిద్ధమయిందో, ఇంకా కాలాలో చెప్పాలి. రాడ్డు ముంచి వేడి కొలిచే ఏర్పాటు ఉండేది. కానీ రాడ్డు ముంచడానికి ముందే చెప్పగలిగినవాడే మెల్టరు. నేను చెబితే లెక్క తప్పేది కాదు. నా షిఫ్టులో ఫోర్‌మన్ గారు రాడ్డు తెప్పించే ముందు నా మొహం చూసేవారు.

ఆ అద్దం విషయంలో మాకొక కట్టుబాటు ఉండేది. ఎవరి అద్దం వాళ్లదే. ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇంకొకరిది పెట్టుకోకూడదు. రోజూ ఒకే అద్దంలోంచి చూస్తుంటే ఆ నీలంలో వేడి ఎంత, చలువ ఎంత అనేది కంటికి అలవాటవుతుంది. నాది నేను కొలిమి మీదికెక్కిన మొదటి ఏడాది చేతికొచ్చిన అద్దం. జేబులో చిన్నమ్మలు కుట్టిచ్చిన గుడ్డసంచీలో పెట్టుకునేవాణ్ణి. చిన్నమ్మలు నా భార్య.

నాలుగేళ్లు హెల్పరుగా చేసిన వాళ్లని కొలిమి పనికి తీసుకోవాలంటే కంటి పరీక్ష పెట్టేవాళ్లం. మూడు మార్లు కొలిమిలోకి చూసి చెప్పాలి. ఎనభై నాలుగులో బలరాం వంతు వచ్చింది. ఆ నాలుగేళ్లూ నా దగ్గరే పనిచేశాడు. పని అయిపోయాక కూడా ఇంటికి పోకుండా ఉక్కు దించేదాకా నిలబడి చూసేవాడు. ఇంకెవరికీ అంత ఆశ నేను చూడలేదు.

పరీక్షకి ముందురోజు అతని అద్దం వేడికి పగిలింది. పరీక్ష రోజు ఉదయం షిఫ్టుకి రాగానే నా దగ్గరికొచ్చాడు.

"గురువా, నా అద్దం పోయింది. మీది ఒక్క పూటకి ఇస్తారా?"

"అద్దం ఇయ్యకూడదని తెలీదేటిరా?"

"తెలుసు. ఈ ఒక్కపాలికి."

"స్టోరులో కొత్త పెట్టె వచ్చింది. అందులోది తీసుకో."

తెచ్చుకున్నాడు. తలుపు ఎత్తక ముందు ఆ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కాస్త ముదురుగా ఉన్నట్టుంది గురువా" అన్నాడు. నేను అతని చేతిలో అద్దం చూశాను. నా అద్దం ఎలాంటి నీలమో అదీ అలాంటి నీలమే అనిపించింది. పక్కపక్కన పెట్టి పోల్చడానికి అరనిమిషం పట్టదు.

"అద్దానికి వంకలెట్టకు. కన్ను సరిచేసుకో" అన్నాను.

మూడు మార్లు చూశాడు. మూడు మార్లూ "ఇంకా కాలాల" అన్నాడు. మూడు మార్లూ రాడ్డు ముంచితే ఉక్కు సిద్ధంగా ఉంది. ఫోర్‌మన్ గారు "సింహాద్రీ, నువ్వేమంటావు? నీ మాటే ఖాయం" అన్నారు. కంటి అంచనా లేదని నేనే చెప్పాను, కాగితం మీద సంతకం కూడా నేనే పెట్టాను.  బలరాం ఆ కొత్త అద్దం తుడిచి నా చేతికిచ్చి వెళ్లాడు. వారం తిరక్కుండా రంగుల గ్యాంగుకి బదిలీ అయింది. కన్ను లేనివాణ్ణి రంగులకి వేశారని అక్కడివాళ్లు చాలా రోజులు నవ్వుకున్నారట.

మూడు వారాల తర్వాత మిగతా మెల్టర్లు గొడవ మొదలుపెట్టారు. కొత్త పెట్టెలో అద్దాలతో చూస్తే కొలిమి చల్లబడినట్టు కనిపిస్తోందన్నారు. స్టోరువాళ్లు ఆ పెట్టె వెనక్కి పంపేశారు. బలరాం ఇచ్చిన అద్దం ఒక్కటి నా లాకర్లోనే ఉండిపోయింది. ఆ రోజు టీ వేళకి దాన్నీ నా దాన్నీ పట్టుకుని కాంటీను కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగుకి ఎదురుగా పెట్టాను. తేడా తెలిసిపోయింది. ఆ ముదురు అద్దంలోంచి చూస్తే నేనైనా ఇంకా కాలాలనే అందును.

బలరాం కన్ను సరైనదే. తనకి కనిపించింది ఉన్నదున్నట్టు చెప్పాడు. అద్దం ముదురన్న మాట కూడా ముందే చెప్పాడు.

టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఫోర్‌మన్ గారి గది కాంటీనుకి ఎదురుగానే. పాతిక అడుగులు వేసి "పొరపాటు నాది, మళ్లీ పరీక్ష పెట్టండి" అంటే సరిపోయేది. ఆ నెలలోనే నా అయిదో ప్రశంసాపత్రానికి పేరు వెళ్లింది. కంటి అంచనాలో షాపు మొత్తానికీ మొదటివాడని రాశారు. అలాంటివాడు చేతిలో ఉన్న రెండు అద్దాలు పోల్చుకోలేకపోయాడంటే నలుగురూ ఏమనుకుంటారని ఆగాను. ఈసారి ఖాళీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఖాళీ వచ్చింది. అప్పటికి అతనికి పెళ్లి కుదిరింది, పగటి డ్యూటీల్లో సుఖంగానే ఉన్నాడు కదా అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను.

సుఖంగా ఉన్నాడన్నది నేను అనుకున్న మాట. సెలవు రోజుల్లో కూడా మా షాపుకి వచ్చి, దూరంగా పట్టాల దగ్గర నిలబడి ఉక్కు దించడం చూసి పోయేవాడు. "ఊరికే, ఒకసారి సూసి పోదామని" అనేవాడు. నా రిటైర్మెంటు రోజున వచ్చి నా కాళ్లకి దండం పెట్టాడు. ఇంత పెద్ద కంటి దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్నానని అందరి ముందూ చెప్పాడు. నేను మెడలో దండతో కూర్చుని ఉన్నాను.

ఇక మా ఇంటి గోడ సంగతి.

నా మనవరాలు సత్యశ్రీ లెక్కల్లో డిగ్రీ చేసింది. ఇంట్లోంచే ఫోను ముందు కూర్చుని పిల్లలకి పాఠాలు చెబుతుంది. తెల్ల గోడ వెనక ఉంటే మొహం మీద వెలుగు కొడుతోందట. ముదురు రంగు వేయిస్తే బాగుంటుందంది. ఒక పెద్ద కోచింగ్ వాళ్లకి వారం లోపల నమూనా పాఠం పంపాలి. బలరాంకి నేనే కబురు పెట్టాను. సత్యశ్రీ రంగుల పుస్తకంలోంచి రెండు నీలాలు ఎంచింది. వాటి పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. బలరాంకి ఆ పేర్లతో పని లేదు. ఒకదాన్ని నేరేడుపండు అన్నాడు. రెండోదాన్ని నీడలో కూర్చున్న నెమలి మెడ అన్నాడు.

నేను గదిలోకి వెళ్లేసరికి వాళ్లిద్దరూ ఆ మాటల్లోనే ఉన్నారు. వాళ్లేమనుకున్నారో నేను వినలేదు. కుడివైపు నేరేడు, ఎడమవైపు నెమలి ఉందన్న సంగతి కూడా నాకు తెలియదు.

"తాతా, జల్దీ చెప్పు. నువ్వు మంట రంగు చూసి ఉక్కు వేడి చెప్పేవాడివి కదా, నీకు ఇదెంత" అంది సత్యశ్రీ.

రెండు చదరాలకేసీ చూశాను. ఎడమ కన్ను మూసి చూశాను, కుడి కన్ను మూసి చూశాను. రెండూ నల్లటి పలకల్లా ఉన్నాయి. ఏడాదిగా నా చూపు అలాగే ఉంది. ఉప్పు డబ్బాకి నల్ల మూత, పంచదార డబ్బాకి నీలం మూత. వాటిని పోల్చలేక ఆ ముందు వారమే టీలో ఉప్పు వేశాను. చిన్నమ్మలుకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఎడమది" అన్నాను. "ఇందులో ఎర్ర జీర ఉంది. గదికి వెచ్చగా ఉంటుంది."

బలరాం నన్నూ గోడనీ మార్చి మార్చి చూశాడు. "ఎరుపేనా గురువా?"

"ఎరుపే. నలభై ఏళ్లు మంట చూసిన కన్నురా ఇది."

సత్యశ్రీ ఏదో అనబోయింది. బలరాం చెయ్యి అడ్డం పెట్టి, "తాత సెప్పేరు కదమ్మా, ఇంక తిరుగు లేదు" అని ఎడమ డబ్బా తీశాడు.

వంటింట్లోకి వెళితే చిన్నమ్మలు తల ఎత్తకుండానే అంది. "డబ్బా మూతలు పోల్చలేవు. గోడలకి తీర్పులు సెప్తన్నావేటి?"

"నువ్వూరుకో."

"నానెప్పుడూ ఊరుకునే ఉన్నాను."

రెండు రోజుల్లో రెండు పూతలు వేశాడు. మూడోనాడు ఉదయం సత్యశ్రీ ఆ గోడ ముందు కూర్చుని చిన్న పాఠం ఒకటి తీసి చూసుకుంది. ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి మొహం మాడ్చుకుని ఉంది.

"చూడు తాతా. గోడలో పచ్చ కొడుతోంది. నా మొహం కామెర్లు వచ్చినట్టు ఉంది. దీన్ని చూసి నాకెవరు పిల్లల్ని అప్పగిస్తారు?"

బలరాం అప్పుడే నేల మీద పరిచిన గుడ్డలు తీయడానికి వచ్చాడు. ఫోను చూసి, గోడ చూసి, తల గోక్కున్నాడు.

"తప్పు నాది పాపా. కలపడంలో పచ్చ ఎక్కువ పడిపోయుంటాది. నా కన్ను మొదట్నుంచీ అంతే. మీ తాతకి తెలుసు."

"మీరు కలిపిందేముంది అంకుల్? కొట్లోంచి వచ్చిన డబ్బా అది. తాత రాకముందు మీరే అన్నారు, ఎడమ దాంట్లో పచ్చ ఉంది, కుడిదే వెయ్యాలి అని. నేను విన్నాను."

"నాను అన్నది లెక్కేటమ్మా. గురువు ఎరుపన్నారు. నాకు పచ్చ కనిపించిందంటే నా కంటిదే తేడా."

తన కంటికి పచ్చ స్పష్టంగా కనిపించింది. నేను ఎరుపన్నానని తన కన్నే తప్పనుకున్నాడు. రెండు రోజులు నిచ్చెన మీద నిలబడి, తన కంటికి తప్పుగా తోచిన రంగునే గోడంతా పూశాడు. 

నా గదిలోకి వెళ్లి రేకు పెట్టె తీశాను. ప్రశంసాపత్రాల అడుగున గుడ్డసంచీ ఉంది. తీసుకొచ్చి కిటికీ గట్టు మీద రెండు అద్దాలూ నిలబెట్టాను. తొమ్మిది గంటల ఎండ వాటిలోంచి దిగి నేల మీద రెండు నీలం ముక్కలు పరిచింది. ఒకటి తేటగా ఉంది, ఇంకొకటి చీకటిగా ఉంది. అంత తేడా నా కంటికి కూడా తెలిసింది.

బలరాం ముందుకొచ్చి వంగి చూశాడు. "ఇది మీది. గుర్తుంది. ఇదెవరిది?"

"ఆ రోజు నువ్వు పరీక్షలో పెట్టుకున్నది."

అతను నేల మీది ఆ రెండు ముక్కలకేసి చూశాడు. తర్వాత వాటి పక్కనే గొంతుకూర్చున్నాడు.

"ముదురుగా ఉందని సెప్పేను కదా."

"చెప్పావు. నీ కన్ను మంచిదే బలరాం. అద్దం తేడా. గోడ సంగతి కూడా నువ్వు చూసిందే నిజం. నాకు ఆ రెండు రంగులూ ఒక్కలాగే కనిపించాయి. చెప్పుకోలేక ఎరుపన్నాను."

గోడ సంగతి అతను పట్టించుకోలేదు. "అద్దం తేడా అని మీకెప్పుడు తెలిసింది?"

ఈ మధ్యనే పెట్టె సర్దుతుంటే తెలిసిందని చెప్పవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సత్యశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నమ్మలు వంటింట్లోంచి వచ్చి ఆమె వెనక నిలబడింది.

"ఆ నెలలోనే" అన్నాను.

అతను తల ఊపాడు. నా మీద అరిచినా బాగుండును. నేల మీది నీలం ముక్క మీద వేలు పెట్టి, తీసి, వేలికేసి చూసుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పాడు.

"అప్పుడు మా అమ్మకి ఉత్తరం రాసేను. నాకు కన్ను సాల్దన్నారమ్మా, రంగుల్లోకి ఏసీసేరు అని. అమ్మకి సదువు రాదు కదా, ఎవరి సేతో రాయించింది. పొన్నగంటి కూర తినరా, కంటికి మంచిది, మళ్లీ పరీక్ష పెడతారు అని. ఖుర్సీపార్‌లో పొన్నగంటి కూర ఎక్కడ దొరుకుద్ది? కాలవ గట్లంట ఎతికి తెచ్చుకుని ఆరు నెలలు తిన్నాను. మావయ్య నవ్వేవోడు, గొర్రిలాగ మేస్తన్నావేటిరా అని. ఆయనా పోయేడు, అమ్మా పోయింది. నాకు కన్ను లేదనుకునే పోయేరు."

"బలరాం" అన్నాను.  క్షమించమని అడగవచ్చు. అడిగితే తప్పకుండా సరే అంటాడని తెలుసు. నలభై ఏళ్లుగా నేనేది చెప్పినా సరే అనడమే అతనికి అలవాటు. అందుకే అడగలేదు.

అతను లేచి ముదురు అద్దాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు. "ఇది నాది కదా. పట్టుకెల్తాను" అన్నాడు. గుడ్డలు మడిచి సైకిలుకి కట్టుకుని వెళ్లిపోయాడు. చిన్నమ్మలు పోసిన టీ గట్టు మీదే ఉండిపోయింది.

మరి రాడనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నేరుగా గదిలోకి వెళ్లి నేరేడు రంగు డబ్బా మూత తీశాడు. సత్యశ్రీ లోపల నిలబడి అడగడం హాల్లో నాకు వినిపించింది.

"అంకుల్, పక్కానా? తాతని ఒకసారి..."

"పక్కా పాపా. నాను సూసేను కదా."

గోడంతా రెండు రోజుల్లో వేసేశాడు. కూలి సత్యశ్రీ చేతి నుంచే తీసుకున్నాడు. ఆ గోడ ముందు తీసిన పాఠం బాగా వచ్చింది, ఆ పిల్లకి పని దొరికింది.

నా కొడుకు రాజేశ్‌కి విషయం తెలిసి నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. శుక్లాలు బాగా ముదిరి పసుపెక్కాయట. అలాంటి కంటికి నీలాలన్నీ నల్లగా కనిపిస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఎన్నాళ్లుగా ఉందని అడిగితే చిన్నమ్మలే జవాబు చెప్పింది. ముందు కుడి కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పి ఇంటికి వచ్చిన రోజున సత్యశ్రీ గదిలోకి వెళ్లాను. పుస్తకాల అర వెనక చెయ్యి పట్టని చోట జానెడు మేర పాత రంగు ఉండిపోయింది. దాని పక్కనే కొత్త రంగు. ఒకటి నెమలి మెడ, ఒకటి నేరేడుపండు. పసిపిల్లయినా పోల్చేసేంత తేడా ఉంది. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నదాన్ని పక్కన పెట్టి ఆ మనిషి నా మాట విన్నాడు. 

పోయిన నెల ఖుర్సీపార్ వెళ్లాను. బలరాం వనజాక్షి కొట్టు షట్టరుకి రంగు వేస్తున్నాడు. కింద సగం తుప్పు పట్టి పోతే కొత్త రేకు వేయించిందట. దానికి పై సగం రంగు కలపాలి. నేను రోడ్డుకి అవతల ఆగాను. డబ్బాలో కర్రతో తిప్పాడు, రేకు మీద కొంచెం పూశాడు, రెండు అడుగులు వెనక్కి వేసి చూశాడు. పాలవాడు పక్క నుంచే పోయాడు, పిలవలేదు. బ్రష్షు ముంచి పని మొదలుపెట్టాడు. అతుకు ఎక్కడుందో నా కొత్త కంటికి కూడా దొరకలేదు.

నన్ను చూసి నిచ్చెన దిగాడు. కొట్లోంచి స్టూలు తెచ్చి వేశాడు. టీ తెప్పించాడు, పంచదార తక్కువగా వేయించి. నేను అలాగే తాగుతానని అతనికి తెలుసు.

"కన్ను ఎలగుంది సింహాద్రి గారూ?" అని అడిగాడు.

బాగుందన్నాను. కూతుళ్ల సంగతి అడిగాను, చెప్పాడు. కనకరత్నానికి మోకాలి నొప్పి తగ్గిందన్నాడు. వర్షాలు పడే లోపల షట్టరు ఆరాలని మళ్లీ నిచ్చెన ఎక్కాడు. నేను టీ అయ్యాక కూడా కొంచెంసేపు స్టూలు మీదే కూర్చున్నాను. పోయేముందు ఒక్కసారి గురువా అని పాత పిలుపు పిలుస్తాడేమోనని.

పిలవలేదు. "ఎండెక్కుతోంది సింహాద్రి గారూ, నెమ్మదిగా ఎల్లండి" అన్నాడు పైనుంచి.